చినదొరసాని గాజులు

విజయనగరం కోట దగ్గర నరసింగరావుకు పటాలు కట్టే దుకాణం ఉంది. మసి పట్టిన పాత రంగుల బొమ్మలు తుడవడం కూడా అతనికి వచ్చు. సాలూరు వైపు ఒక జమీందారీ ఇంటి నుంచి డెబ్భై ఏళ్ల పద్మకుమారి ఒక బొమ్మ తెచ్చింది. నూరేళ్లు దాటినది. వాళ్ల ఇంటి చినదొరసాని. తెల్లచీర, నుదుట విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు.

ఆ ఇంట మొగుడు పోయినదాన్ని ఏడాది తద్దినం నాడు ఈ బొమ్మ ముందు కూర్చోబెట్టి బొట్టు తీయిస్తారు. ఈసారి వంతు పద్మకుమారి కోడలు సుహాసినిది. ఆమె కొడుకు పోయి పదకొండు నెలలైంది. సుహాసిని ఇంకా బొట్టుతోనే కాలేజీకి వెళ్లి పాఠాలు చెప్పి వస్తోంది. బంధువులంతా వస్తారు కాబట్టి బొమ్మ బాగా తేలాలని చెప్పి పద్మకుమారి వెళ్లిపోయింది.

నరసింగరావుకు ఒళ్లు మండింది. తన భార్య ఈశ్వరి పోయినప్పుడు, బొట్టుతో పోయింది, అదృష్టవంతురాలు అన్నారు జనం. అతని ఒంటి మీది నుంచి మాత్రం ఎవరూ ఏమీ తీయలేదు. పెళ్లినాటి ఉంగరం ఇంకా వేలికే ఉంది.

మూడో రోజు ఎడమచేతి దగ్గర మసి తుడుస్తుంటే, చీర మడత చాటున రెండు ఆకుపచ్చ గాజులు బయటపడ్డాయి. తెల్లచీర కట్టినామెకు గాజులేమిటి? దూదిని రంగు కరిగించే మందులో ముంచి నుదుటి మీద అద్దాడు. విభూతి దూదికి వచ్చేసింది. దాని కింద ఎర్రగా, కాసంత బొట్టు. రుద్రాక్షల కింద మంగళసూత్రం. తెలుపు కింద పచ్చపట్టు. దొర పోగానే చిత్రకారుణ్ని మళ్లీ పిలిపించి, బొమ్మను కూడా విధవను చేశారన్నమాట. గాజుల సంగతి వాడు మరిచాడు.

నరసింగరావు ఎవర్నీ అడగలేదు. తెలుపంతా తుడిచేశాడు.

పద్మకుమారి వచ్చి చూసింది. తెలుపు మళ్లీ వెయ్యమంది.

"తుడవడమే నాకొచ్చమ్మా. పుయ్యడం రాదు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఇరవైమూడేళ్లకి నాకు దీన్నే సూపించి తీసీసారు, నరసింగరావూ."

"మరి కోడలికి ఏటి సూపిస్తారు?"

ఆమె బొమ్మను దగ్గరికి లాక్కుంది. అతను పేపరు చుట్టబోతే వద్దంది. బొమ్మను తనే మోసుకుని ఆటో దగ్గరికి వెళ్లింది. లోపల సుహాసిని కూర్చుని ఉంది. ఆమె బొమ్మ వైపు చూసింది, తరవాత అత్త వైపు.

"ఆ రోజు బొట్టుతోనే కూకో," అంది పద్మకుమారి.

నలభై ఏడేళ్లు ఆలస్యం, అనుకున్నాడు నరసింగరావు. ఆమెకు నమస్కారం కూడా పెట్టకుండా లోపలికి పోయాడు.