మారెన్ గురువారాలు

ఫుట్‌బాల్ టీవీ ప్రసారాల డబ్బు కోసం అమెరికాలో పసిఫిక్ తీరపు మా విశ్వవిద్యాలయం అట్లాంటిక్ తీరపు క్రీడా కూటమిలో చేరితే, వాలీబాల్ ఆడే అమ్మాయిలు ప్రతి పోటీకీ దేశం ఈ చివరినుంచి ఆ చివరికి ఎందుకు ఎగరాలి? ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.

నేనక్కడ రసాయనశాస్త్రం బోధిస్తాను. టర్మ్ మొదట్లో క్రీడాకారులు తెచ్చే, పోటీలకోసం తరగతికి రాని తేదీల ప్రయాణ పత్రంపై, జట్లు పక్క ఊళ్లకు బస్సులో వెళ్లివచ్చిన పాత రోజుల అలవాటు కొద్దీ, తేదీలు చదవకుండానే సంతకం చేశాను. నర్సు కావాలనుకున్న వాలీబాల్ జట్టు అమ్మాయి మారెన్ పత్రంలో ఐదు గురువారాలున్నాయి. మా ప్రయోగశాల గురువారమే. మూడు ప్రయోగాలకు రానివారికి నర్సింగ్‌లో చోటు లేదు.

"ఈ వారం న్యూజెర్సీ, మేడమ్. విమానంలో ఆసిడ్ పట్టుకెళ్లనివ్వరు కదా, లేకపోతే అక్కడే చేసేదాన్ని," అని మూడో గురువారం ప్రయాణానికి ముందు నవ్వింది.

కోచ్‌కు ఫోన్ చేశాను.

"ల్యాబ్ లేని కోర్సు తీసుకోమనండి ప్రొఫెసర్‌గారూ! నర్సులకేం, ఊరినిండా ఉన్నారు. దానిలా బంతి లేపేవాళ్లేరీ?"

నవంబరులో మారెన్ ప్రయోగశాల తెల్లకోటు తిరిగి ఇచ్చేసింది. "నాకది నప్పదులెండి మేడమ్," అంది, నా ముఖం చూడకుండా.

మీరు ఈసారి ఆట చూడబోయేముందు, మీ విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి, ఆ అమ్మాయిలు ఏ తరగతి వదులుకుని వచ్చారో అడగండి. జవాబు వచ్చేదాకా టీవీ పెట్టకండి.