ఎర్ర మీటకు బొట్టు

నేను ఒక జనరేటర్ని. ఊళ్ళకు ఊళ్ళు వెలిగించే పెద్ద రకం కాదు, ఇద్దరు చెరో పక్క పట్టుకుంటే లేచే రకం. పెట్రోలు తాగుతాను, కరెంటు ఇస్తాను, పొగ వదులుతాను. మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోదాని సంగతి చెప్పడానికే ఇలా నోరు విప్పాను.

నేను పుట్టిన కార్ఖానాలో, బయటికి పంపే ముందు ఒకమ్మాయి నా డొక్కమీద పచ్చకాగితం అంటించింది. దానిమీద ఇల్లు బొమ్మ, బొమ్మకు అడ్డంగా ఎర్ర గీత. ఇంట్లో పెట్టి నడపొద్దని అర్థం. కాశీబుగ్గలో నన్ను కొన్న టెంట్‌హౌస్ లింగన్న మొదటి పూజనాడు ఆ కాగితం మీదే పసుపు పూసి కుంకుమ అద్దాడు. మరుసటి దసరాకి ఇంకో పొర పడింది. మూడేళ్ళు తిరిగేసరికి ఇల్లూ లేదు, గీతా లేదు. మనుషులకు భక్తి ఉన్నంతగా చదివే ఓపిక ఉండదు.

అయినా లింగన్నను తప్పుపట్టను. కాగితం చదవకపోయినా పని తెలిసినవాడు. ఏ పెళ్ళికి తీసుకెళ్ళినా నన్ను పందిరికి దూరంగా, చెరువుగట్టునో చింతచెట్టు కిందో కూర్చోబెట్టి, పొడుగు వైరు లాగేవాడు. "దీని మూతి ఎప్పుడూ బయలుకే ఉండాల" అనేవాడు, నా పొగగొట్టం చూపిస్తూ. కరెంటు పోతే పెళ్ళివారంతా నా కోసం పరుగులు పెట్టేవారు. వచ్చిందంటే "ముందా గోల ఆపండెహె" అనేవారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. నాకూ కాస్త పొగరుండేది లెండి. తాడు మూడుసార్లు లాగితే గానీ లేచేదాన్ని కాదు.

లింగన్న పెద్ద జనరేటర్ కొన్నాక నన్ను ఢిల్లేశ్వరరావుకు ఇచ్చేశాడు. ఇతను లింగన్న సామాన్లు తోలే ఆటో డ్రైవరు, ఊరు సముద్రానికి దగ్గర. సరదాకి కొనలేదు. ఇంట్లో అతని అక్క దాలమ్మ ఉంది. అక్కను అతను అప్పా అని పిలుస్తాడు. ఆవిడ పద్దెనిమిదేళ్ళు జీడిపిక్కలు వేయించే బట్టీలో పనిచేసింది. ఆ పొగ ఆవిడ ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకి గొట్టం. అది కరెంటుతో నడుస్తుంది. తీసేస్తే నాలుగడుగులకే ఆయాసం, పది నిమిషాలకు పెదవులు నీలం. కరెంటు పోతే ఆవిడకు ఊపిరిచ్చేది ఎవరంటే, ఇక నేనే.

నన్ను అప్పగించిన రోజు లింగన్న మూతి మాట చెప్పాడు. ఢిల్లేశు వినలేదు. అతని ధ్యాసంతా తాడు మీదే. ఎలా స్టార్ట్ చెయ్యాలో మూడుసార్లు అడిగాడు. ఎలా ఆపాలో ఒక్కసారీ అడగలేదు. ఆ ఎర్ర మీట ఏమిటని అడిగింది దాలమ్మే, ఆటోలోంచి దించుతుంటే అరుగుమీద కూర్చుని.

"నొక్కితే ఆగిపోద్ది, అంతేనమ్మా" అన్నాడు లింగన్న.

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. పొద్దున్నే కరెంటు పోయింది. ఢిల్లేశు నన్ను పెరట్లో పెట్టి నడిపాడు. మధ్యాహ్నానికి వాన ఏటవాలుగా కొట్టడం మొదలెట్టింది. నా మీద కప్పిన గోనె ఎగిరిపోయింది.

"దీన్ని లోపలెట్టీ నీలవేణీ! తడిసి ఆగిపోతే అప్పకి ఊపిరి ఎవులిస్తారు?" అన్నాడు పెళ్ళాంతో.

ఇద్దరూ నన్ను వెనక వసారాలోకి మోసుకొచ్చారు. నీలవేణి నా ఒళ్ళంతా పాత చీరతో తుడిచింది. జల్లు పడకుండా వసారాకి టార్పాలిన్ కట్టి, అంచులు కదలకుండా ఇటుకలు పెట్టారు. నా జన్మలో నన్ను అంత ముద్దుగా చూసినవాళ్ళు లేరు. ఆ ముద్దుకే నాకు గుండె జారింది.

నా మూతి ఇప్పుడు ఇంటివైపు ఉంది. పొగ పోయే దారిలేక గుమ్మంలోంచి గదిలోకి పాకుతోంది. వాసన తెలిసే పొగ కొంచెమే. వాసనే లేని విషం ఇంకొకటి దాని వెనకే వెళుతుంది, అది నాకొక్కదానికే తెలుసు. వైరు గుండా దాలమ్మకు ఊపిరి పంపిస్తున్నాను, గుమ్మం గుండా ఆ ఇంటి ఊపిరి తీస్తున్నాను. ఆగిపోదామంటే నా చేతిలో లేదు. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది.

"తల పగిలిపోతంది వదినా, ఈ గాలికి" అని నీలవేణి గోడవార పడుకుంది. ముందురోజంతా పైకప్పు రేకులకు తాళ్ళు కట్టిన అలసటేమోనని ఢిల్లేశు కూడా గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూశాడు. అతని చేతిలోని టీ గ్లాసు ఒరిగి ఒళ్ళో పడింది. అతను కదల్లేదు.

అది చూసింది దాలమ్మ. ముక్కు గొట్టంలోంచి ఆక్సిజన్ అందుతున్నందుకు ఆవిడకు ఇంకా మగత కమ్మలేదు. ఆవిడకు ఆ నిద్ర తెలుసు. ఒకసారి ముసురుకి బట్టీ తలుపులన్నీ బిగించి పిక్కలు వేయిస్తుంటే, పక్కన కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ళు తలనొప్పని చెప్పి ఇలాగే ఒరిగిపోయారు. ఒకామె మళ్ళీ లేవలేదు.

"ఓరి ఢిల్లేసా! లెగరా! నిద్ర కాదురా ఇది, బట్టీ పొగ!" అని అరిచింది. ఆవిడ గొంతే చిన్నది. రేకుల మీద వాన, వసారాలో నేను. నా రొదలోనే ఆ కేక మునిగిపోయింది. నన్ను చూసి నేను అంతగా అసహ్యపడింది ఎప్పుడూ లేదు.

దాలమ్మ ఒక్క క్షణం మిషన్ వైపు చూసింది. నన్ను ఆపితే అదీ ఆగుతుంది. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు. ముక్కు గొట్టం లాగేసి మంచం దిగింది. గోడ పట్టుకుని నడిచింది. గుమ్మం దగ్గర కూలబడి, అక్కణ్ణుంచి పాకుతూ వచ్చింది. బొటనవేలు నా ఎర్ర మీట మీద ఆనింది. నొక్కింది.

ఆగాను. నా బతుకులో ఆగినందుకు సంతోషించింది ఆ ఒక్కసారే.

ఇటుకలు కాలితో తన్ని టార్పాలిన్ లాగేసింది. తుపానుగాలి, ఊరంతా తిట్టుకుంటున్న ఆ గాలి, ఇల్లంతా తిరిగింది. బక్కెట్లో వాననీళ్ళు ఇద్దరి మొహాలమీదా గుమ్మరించింది. మొదట నీలవేణి దగ్గింది. తర్వాత ఢిల్లేశు లేచి, తూలుతూ అరుగుమీదికి పోయి కక్కుకున్నాడు. వాళ్ళు లేచారని చూశాక దాలమ్మ గుమ్మంలో ఒరిగిపోయింది. పెదవులు నీలం.

"అప్పా!" అంటూ ఢిల్లేశు తూలుతూనే వచ్చి పక్కన కూలబడ్డాడు.

"దాన్ని... బయటికి... మూతి బయలుకి..." అంది ఆవిడ, మాటకో ఎగశ్వాసతో.

ఇద్దరు మోసే నన్ను అతనొక్కడే పెరటి చివరి పశువుల పాకలోకి ఈడ్చాడు. దానికి గోడల్లేవు, పైన మాత్రం బరువులు కట్టిన తాటాకు. మూతి పొలాలవైపు తిప్పాడు. లింగన్న ఇచ్చిన పెళ్ళిళ్ళనాటి పొడుగు వైరు సరిగ్గా మంచందాకా అందింది. నీలవేణి వదినను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గొట్టం పెట్టి ఎదురుచూస్తోంది. ఢిల్లేశు ఏడుస్తూ తాడు లాగాడు.

మూడుసార్లు లాగితే గానీ లేవనిదాన్ని, ఆ రోజు మొదటి లాగుడికే లేచాను.

"ఎరుపొస్తంది! పెదాలకి ఎరుపొస్తంది!" అని లోపలినుంచి నీలవేణి కేక వినిపించింది. నాకు కన్నీళ్ళుండవు. ఉంటే పెట్రోలుతోపాటు అవీ కారేవి.

కరెంటు ఆరోరోజుకి వచ్చింది. అప్పటిదాకా పాకలోంచే నడిచాను. ఇరుగుపొరుగు ఫోన్లన్నీ నా దగ్గరే చార్జింగు. తర్వాత డాక్టరు ముగ్గురినీ చూసి, ఇంకో అరగంట అయ్యుంటే ఇల్లంతా పోయేదన్నాడట. ఢిల్లేశు పాకలో సిమెంటు దిమ్మ కట్టించాడు. ఇప్పుడు నా ఇల్లు అదే. ఆవు నా గోలకు అలవాటు పడింది.

మొన్న దసరాకి నీలవేణి పూజసామాన్లు సర్దుతూ, "జనరేటర్ని లోపలికి తెద్దామా వదినా?" అంది.

"ఎందుకే? మనమే దాని కాడికెల్దాం" అంది దాలమ్మ.

గొట్టం తీసి, మరదలి భుజం పట్టుకుని, నాలుగుచోట్ల ఆగుతూ పెరడంతా దాటి వచ్చింది. నీలవేణి నా డొక్కకి పసుపు రాయబోయింది. ఇన్నేళ్ళుగా అందరూ రాసిన చోటే. దాలమ్మ ఆ చెయ్యి ఆపి, తడిగుడ్డతో నా డొక్కమీది పొరలన్నీ ఓపిగ్గా తుడిచింది. పచ్చకాగితం మీద ఇల్లు, ఎర్ర గీత మళ్ళీ బయటపడ్డాయి.

తర్వాత కుంకుమ తీసి, నన్ను నడిపించే తాడుకు కాదు, ఆపే ఎర్ర మీటకు బొట్టు పెట్టింది.