కళ్ళు మూసుకునే వేళ

"వంకాయ కోసిన కాసేపటికే ఎందుకు నల్లబడుతుందండీ?" అని అడిగింది ప్రశాంతి.

కిరణ్ పాల్ పేపర్లోంచి తల ఎత్తలేదు. "నీళ్ళల్ల వెయ్యి, నల్లగ కాదు" అన్నాడు.

ఎందుకని అడిగితే ఏం చెయ్యాలో చెప్పడం ఆ ఇంటి అలవాటు. నీళ్ళల్లో వెయ్యాలని ఆమెకు తెలియక కాదు. పెళ్ళయిన ఆరేళ్ళుగా వేస్తూనే ఉంది. కిరణ్ పాల్ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. ఇదే ప్రశ్న ఫస్టియర్ కుర్రాడెవడైనా అడిగితే బోర్డు నిండా రాసి, బెల్లు కొట్టినా వదలకుండా చెప్తాడని చర్చికి వచ్చే ఆయన శిష్యులే మురిసిపోతూ చెప్పారు. పెళ్ళాం చేతిలోని వంకాయకు మాత్రం అంత యోగం లేకపోయింది.

మధ్యాహ్నం ఆఫీసులో టిఫిన్ బాక్సు ముందు పెట్టుకుని ఆ ప్రశ్న కంప్యూటర్ని అడిగింది. హైటెక్ సిటీలో గుండ్రటి భవనం తెరిచి ఇంకా ఏడాది కాలేదు. అందులో మూడో అంతస్తులో ఆమె ఉద్యోగం: ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పే పుస్తకాలు ఇంగ్లీషులో రాయడం. భోజనానికిచ్చిన అరగంటలో ఇంటర్నెట్ చూసుకోవచ్చు. గాలి తగలగానే వంకాయ లోపలిదేదో గాలితో కలిసి రంగు మారుతుందట. కోస్తేనే కదా గాలి తగిలేది, అనుకుంది ప్రశాంతి. అనుకున్నది చెప్పడానికి చుట్టూ చూసింది. పక్క సీటు వాసంతి పెరుగన్నం తింటూ ఫోన్లో పాలవాడితో పోట్లాడుతోంది.

ఆమెకు రోజూ ఇలాంటివి ఒకటో రెండో పుడుతుంటాయి. చీమలు నిద్రపోతాయా? పోపులో ఆవాలు ముందు వెయ్యాలని మొదట కనిపెట్టింది ఎవరు? జవాబు దొరికినా దొరక్కపోయినా ఫరవాలేదు. పుట్టింట్లో నాన్న ఉండేవాడు, ఏది అడిగినా "అవునే, ఎందుకంటావ్?" అని తిరిగి అడిగేవాడు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు. ఆ "ఎందుకంటావ్" కోసం ఆమె ప్రాణం కొట్టుకులాడేది. చివరికి అడిగితే విసుక్కోనిది లోకంలో ఈ యంత్రమొక్కటే మిగిలింది.

ఊరికే జాగా ఇచ్చే ఒక సైటులో తనకంటూ ఓ పేజీ పెట్టుకుంది. తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. రోజుకు నాలుగు వాక్యాలు, మహా అయితే అయిదు. "కొండరాళ్ళు పేలుస్తుంటే గేదెలు తలెత్తకుండా మేస్తున్నాయి. టై కట్టుకున్నవాళ్ళే ఉలిక్కిపడ్డారు." "మా అత్తగారు ఎవరూ లేనప్పుడు అద్దంలో జడ ముందుకేసుకుని చూసుకుంటారు." కింద పేరు, ప్రశాంతి, కొత్తగూడ. ఆ పేజీ ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి అడుగున ఉండేది. అది నలభై ఒకటి అయిన రోజున, అందులో ముప్ఫై ఎనిమిది తనవేనని తెలిసి కూడా, ఇంటికి వెళ్ళేటప్పుడు జిలేబీ కొంది.

అలాంటి రోజుల్లోనే ఇది రాసింది:

"మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను తెరిచి చూస్తాను. అప్పుడు మా ఆయన మొహం ఎంత మెత్తగా ఉంటుందో! నుదుటి మీద ముడత ఉండదు. పెదవులు చిన్నపిల్లాడివిలా ఉంటాయి. ఆమెన్ అనగానే మళ్ళీ ముడత వచ్చేస్తుంది. ఆ మెత్తదనమంతా దేవుడికే ఇచ్చేస్తారు, నాకు కాస్త మిగల్చరు."

రెండు రోజులకు, చూసినవాళ్ళు ఏదైనా రాసి వెళ్ళే ఆ పేజీ గెస్ట్‌బుక్‌లో ఎవరో రాశారు. "అక్కా, నా పేరు సెలీనా. మస్కట్‌లో నర్సుని. నేనూ కళ్ళు తెరిచి చూసేదాన్నే. నేనొక్కదాన్నే పాపిష్టిదాన్ననుకున్నాను. రాస్తూ ఉండు, ఈ మొగోళ్ళు ఎందుకిట్ల ఉంటరో మనం ఆలోచిద్దాం." ఆ నాలుగు ముక్కలూ ప్రశాంతి ఎన్నిసార్లు చదివిందో! వాష్‌రూమ్‌లోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడ్చింది. సంతోషానికే.

కిరణ్ పాల్ కాలేజీకి కూడా అప్పుడే ఇంటర్నెట్ వచ్చింది. సరదాకి తమ పేట పేరు కొత్తగూడ అని కొట్టి చూసిన లెక్కల లెక్చరర్ శ్యామ్‌కు ఈ పేజీ దొరికింది, కింద పేరు చూసి ఎవరిదో పోల్చుకున్నాడు. స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాడట, "ఏంది సార్, ప్రార్థనల మీ మొహం శాన మెత్తగుంటదంట గదా? జర మాక్కూడ సూపెట్టరాదు!"

ఇంటికొచ్చి ఆయన భార్యతో ఒక్క మాట అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపేవాళ్ళను చూశాం గానీ, కిరణ్ పాల్ తన కోపాన్ని తిన్నగా పరలోకానికే మోసుకెళ్ళాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో గొంతు పెంచి, "ప్రేమగల తండ్రీ, మా గృహ మర్యాదను వీధిలో పరచుచున్న నా జీవిత భాగస్వామికి వివేకము దయచేయుము. ఆమె రాసినవి ఆమె చేతనే తుడిపించుము" అన్నాడు. ప్రార్థనకు ఎదురు చెప్పడానికి ఉండదు. ఆయన దేవుడితో మాట్లాడుతున్నాడు, మధ్యలో నువ్వెవరు? చివర ఆమెన్ కూడా అనాలి. తనను తిట్టిన తిట్టుకు తనే ఆమెన్ అంది ప్రశాంతి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మిగతా వేళల్లో ఉప్పు, చారు తప్ప మాటల్లేవు.

శుక్రవారం నాడు బియ్యం ఏరుతూ కృపమ్మ కోడలి పక్కకు జరిగింది. "నా కొడుకు పరేషాన్‌లున్నడు బిడ్డా. రేపు శనివారం, ప్రార్థన నీ వంతు. తప్పయిందని ఆడనే ఒప్పుకో, ఇగ అయిపోతది. మొగనితోని నేరుగ మాట్లాడేదేంది? నేను ముప్ఫై ఏండ్లు మీ మామకు చెప్పాల్సినయన్ని ప్రభువుకే చెప్పుకున్న."

"మామయ్యగారు విన్నారా అత్తయ్యా?"

కృపమ్మ చేతిలో బియ్యం ఆగాయి. "వినకుండనే పోయిండు" అంది. మళ్ళీ ఏరుకోసాగింది.

శనివారం ఆఫీసులో ప్రశాంతి పేజీ తెరిచింది. తుడిచేస్తే పీడా పోతుంది, నాలుగు వాక్యాల కోసం సంసారం పాడు చేసుకుంటామా అనుకుంది. తీసివేసే బటన్ నొక్కింది. "నిజంగా తీసెయ్యాలా?" అని యంత్రం అడిగింది. అలా అడిగి తీరాలని ఆమే తన పుస్తకాల్లో పేజీకోసారి రాస్తుంది. పెళ్ళినాడు నీకు సమ్మతమేనా అని పాస్టరుగారు అడిగారు. ఆ తర్వాత ఆమెను ఎవరైనా అలా అడిగింది ఇప్పుడే. సెలీనా మాటలు ఇంకోసారి చదువుకుంది. రాసినదానిలో అబద్ధం ఎక్కడుందో వెతికింది. ఆయన మీద తిట్టు ఒక్కటి కనిపిస్తుందేమో చూసింది. ఉన్నదంతా ఆశే. తన మొగుడి మొహం తనకు కావాలనడం కూడా తప్పేనా? అక్కర్లేదని నొక్కి, పేజీ అలాగే వదిలి ఇంటికెళ్ళింది.

సాయంత్రం చాప మీద ముగ్గురూ కూర్చున్నారు. పాట అయింది, వాక్యం చదివారు. కృపమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. ప్రశాంతి తల ఎత్తి చూసింది. కిరణ్ పాల్ కూడా చూస్తున్నాడు, ఒప్పుకుంటుందా లేదా అని, నుదుట ముడతతోనే. ప్రార్థనలో వాళ్ళిద్దరి చూపులు కలవడం అదే మొదలు. ఆయన చప్పున కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేకపోయాడు.

"ప్రభువా" అంది ప్రశాంతి, ఆయన్నే చూస్తూ. "నేను రాసింది నిజం, అందుకే తుడవలేదు. రేపూ రాస్తాను. ఈయన మూడు రోజులుగా నాతో అనాల్సిన మాటలు నీతో అంటున్నారు. నేనూ ఆరేళ్ళుగా ఈయన్ని అడగాల్సింది నిన్నడిగాను. నీకు మా ఇద్దరి మధ్యా తిరగడమే సరిపోయింది. ఇక నిన్ను శ్రమపెట్టను. ఈయనకు నాతో పనుంటే నాకే చెప్పమను. ఇక్కడే ఉన్నాను, మూరెడు దూరంలో. ఆమెన్."