అత్తగారి చెవిన పడ్డ మాట

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు నోరు విప్పేది కుట్టుమిషను. ముందుగదిలో కోడలు ఆల్టరేషన్ కొట్టు నడుపుతుంది. ఒళ్ళొచ్చినవాళ్ళ ప్యాంట్లు వదులు చేస్తుంది, చిక్కిపోయినవాళ్ళ చొక్కాలు బిగిస్తుంది. లోపలి కుట్టు చూడకుండా ఏ బట్టనీ నమ్మదు. మనుషుల విషయంలోనూ అంతే అనుకోండి.

మిషను చప్పుడుకి పెద్దావిడ, అంటే అత్తగారు, లేచి కుర్చీలో కూర్చుంటుంది. చప్పుళ్ళన్నీ ఆవిడకి బ్రహ్మాండంగా వినిపిస్తాయి. వాన, తలుపు కిర్రు, పక్కింటి కుక్క, అన్నీ. మనుషుల గొంతులు మాత్రం రక్తసంబంధం ఉంటే తప్ప చెవిన పడవు. పుట్టిన దగ్గర్నుంచీ అంతే. రేడియో పెడితే వాయిద్యాలు వినిపిస్తాయి, పాడేవాళ్ళు వినిపించరు. కట్టుకున్నవాడి గొంతు లావో సన్నమో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయాడు. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. కొందరికి పిల్లికళ్ళుంటాయి, ఈవిడకి ఇలాంటి చెవులున్నాయి.

కొట్టుకొచ్చిన ఆడవాళ్ళెవరైనా "మా అత్తగారు నా మాటే వినిపించుకోదు" అని మొదలుపెడితే కోడలు పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకునే నవ్వేది. "మీ పెద్దావిడ వినిపించుకోదు, మా పెద్దావిడకి వినిపించదు. చాలా తేడా ఉందమ్మా."

అందుకని ఆ ఇంట్లో మాటలన్నీ కొడుకు మీదుగా నడవాలి. ఆయన బస్సు డిపోలో టైంటేబుళ్ళు రాసే గుమస్తా. డిపోలో ఆయన్ని టైంటేబుల్ అనే పిలుస్తారు, అసలు పేరు జీతం రోజునే గుర్తొస్తుంది వాళ్ళకి.

"అత్తయ్యని మందు వేసుకోమనండి."

"అమ్మా, మందు వేసుకోమంటోంది."

"వేసుకున్నానని చెప్పరా."

"వేసుకుందట."

ముగ్గురూ ఉన్నది ఒకే గదిలో. చెయ్యి చాస్తే ఒకరికొకరు తగులుతారు.

ఇందులో కోడలికి ఓ సుఖం కూడా లేకపోలేదు. అత్తగారి ఎదురుగా నిలబడి, టీ పోస్తూ, మొహం నిండా నవ్వు పెట్టుకుని "చెవులకి వేసిన తాళం ఆ నాలుక్కి కూడా వేసుంటే నేను బాగుపడేదాన్ని" అనేది. పెద్దావిడ కూడా నవ్వి కప్పు అందుకునేది. ఇన్నేళ్ళ కాపురంలో ఏ కోడలికి దక్కిందండీ ఇంత అదృష్టం?

కానీ ఆ చెవులే కోడలి బతుకులో నిప్పులు పోశాయి.

కూతురు పుట్టిన రోజు ఆస్పత్రి గది నిండా చుట్టాలే. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నానమ్మ పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. వినిపిస్తే కదా తిరగడానికి. ముందు ఒకరు గమనించారు, తర్వాత ఇంకొకరు. అందరూ పిల్లని చూశారు, అక్కణ్ణుంచి మెల్లిగా తల్లిని చూశారు. కొడుకు కన్న బిడ్డయితే వినిపించాలి కదా మరి! నోరు తెరిచి ఎవరూ ఒక్క మాట అనలేదు. మొగుడూ అనలేదు. అనుంటే చీపురు తిరగేసేది, అనకపోతే ఏం చేస్తుంది? ఆ చూపు అలాగే ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో పాప అని పిలిచే ఆ పిల్ల పెద్దదై పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరింది. ఈనాటికీ "నాన్నా, ఊరు వెళ్తున్నానని నానమ్మకి చెప్పు" అనవలసిందే.

ఇలా ఉండగా టైంటేబుల్‌కి వంశవృక్షాల పిచ్చి పట్టుకుంది.

నాలుగు జిల్లాలవాళ్ళూ కలిసి పెద్ద ఊళ్ళో వంశ చరిత్రల సదస్సు పెడుతున్నారని ఎక్కడో కరపత్రం చూశాడు. సదస్సు జరిగే హాలు పక్క వీధిలోనే పాత భూముల రికార్డులు, ఆ వెనకాలే జనన మరణాల రికార్డులు ఉన్నాయట. ఇంకేముంది, గోడ మీద పెద్ద కాగితం అంటించి గీతలు కొట్టాడు. ఏ బస్సు ఎక్కాలి, ఏ రికార్డుల ఆఫీసు భోజనానికి ఎప్పుడు మూస్తారు, ఆ ఖాళీలో ఏ ఉపన్యాసం దూర్చాలి, అన్నీ రంగు పెన్సిళ్ళతో. 'చెదలు తిన్న కాగితం చదవడమెలా' అన్న ఉపన్యాసం కింద రెండు గీతలు గీశాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఓ సాయంత్రం పోస్టులో చిన్న డబ్బా వచ్చింది. అందులో మూడు గాజు గొట్టాలున్నాయి.

"ఏంటివి?" అంది కోడలు.

"సదస్సులో పరీక్ష చేస్తారట. ఇందులో ఉమ్మి తీసుకెళ్తే ఎవరికెవరు రక్తసంబంధమో తేల్చి చెప్తారు. ఒకటి నాది, ఒకటి పాపది, ఒకటి అమ్మది."

"మరి నాది?"

"నువ్వు వేరే వంశం కదే," అన్నాడాయన, పెన్సిలు చెక్కుకుంటూ. తల మాత్రం ఎత్తలేదు.

ఆహా, అలాగా! సదస్సు లేదు, చెదలు లేవు, అసలు సంగతి ఇదన్నమాట అనుకుంది కోడలు. ఆవిడకి భయమేం లేదు. తనేమిటో తనకి తెలుసు. కానీ ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు పక్కపక్కనే కంచాలు పెట్టుకుని తిన్న మనిషి, అడగాల్సింది తనని అడక్కుండా గాజు గొట్టాన్ని అడగబోతున్నాడు! ఆ పూట ఎవరిదో ప్యాంటు కాళ్ళు రెండూ ఒకటిగా కుట్టేసింది.

"తీసుకెళ్ళండి. తేలనివ్వండి," అంది లోలోపల. తేలితే తన పేరే కదా కడిగినట్టు బయటపడేది.

విచిత్రం ఏంటంటే, ప్రయాణానికి అడ్డం పడుతున్నది పెద్దావిడ. గోడ మీది కాగితం చినిగిపోయింది, "గాలికి" అందావిడ, కిటికీ మూసి ఉండగానే. బస్సు టికెట్లు కనిపించకుండా పోయి, ఆవిడ దిండు గలీబులో దొరికాయి. సదస్సు మాటెత్తితే చాలు మోకాళ్ళు పట్టేసేవి.

కోడలికి అనుమానం అక్కడ మొదలైంది. కోడలి తప్పు నలుగురిలో రుజువయ్యే అవకాశం నడుచుకుంటూ ఇంటికొస్తే, వద్దనే అత్తగారుంటుందా? ఈ కుట్టు ఎక్కడో వంకరగా ఉంది. విప్పి చూడాలి.

అదే సమయంలో టైంటేబుల్ మీసం పెంచడం మొదలుపెట్టాడు. పాత ఫొటోలో వాళ్ళ తాతకి పెదవి మీదకి వాలిన గుబురు మీసం ఉంది. సదస్సుకి వంశపు పోలికతో వెళ్ళాలని ఈయన సరదా. పెద్దావిడకి మొదట్నుంచీ మగవాళ్ళ మీసాలంటే గిట్టదు. కుర్రతనంలో రెండుసార్లు పెంచబోతే అన్నం మానేసి తీయించిందట. ఈసారి మాత్రం ఆయన వినలేదు.

మీసం ఒత్తయ్యేకొద్దీ పెద్దావిడ "ఏంటీ?" అనడం ఎక్కువైంది. "మళ్ళీ చెప్పు" అనేది. "వెలుతుర్లోకి రా" అనేది. వినడానికి వెలుతురెందుకో!

ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన అడిగాడు, "అమ్మా, మామకి చెప్పావా, మేం ఊరెళ్తున్నామని?" మామ అంటే పెద్దావిడ తమ్ముడు, దూరాన ఉంటాడు, ఫోన్లో మాట్లాడుతుంటాడు.

"పాపకెందుకురా చెప్పడం? అదీ నీతో వస్తోందిగా," అంది పెద్దావిడ.

ఆయన నవ్వేసి మళ్ళీ చెప్పాడు. కోడలు నవ్వలేదు. చెయ్యి కడుక్కుని కొట్లో తెర వెనక నిలువుటద్దం ముందు నిలబడింది. "మామ" అంది. "పాప" అంది. మళ్ళీ అంది. అద్దంలో పెదవులు రెండుసార్లూ ఒక్కలాగే కలిసి విడిపోయాయి. చెవికి మామ మామే, పాప పాపే. కంటికే రెండూ ఒకటి.

ఇక ఒక్కొక్క దారమే ఊడి వచ్చింది. "పెద్దవాళ్ళతో ఎదురుగా నిలబడి మాట్లాడాలి" అని కొడుక్కి చిన్నప్పట్నుంచీ నేర్పింది ఆవిడే. డిపో నుంచి ఆయన ఫోన్ చేస్తే "గరగరమంటోంది, నువ్వే మాట్లాడు" అన్నట్టు సైగ చేసి కోడలి చేతిలో పెట్టేది. తమ్ముడి ఫోన్ మాత్రం ఎన్నడూ గరగరమనలేదు.

మర్నాడు మొగుడు డిపోకి, పాప పనికి వెళ్ళాక కోడలు మిషను ఆపింది. కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపింది.

"అత్తయ్యా, ఆయన మీ కడుపున పుట్టలేదు కదూ?"

పెద్దావిడ చేతిలో కప్పు ఒలికింది. గుమ్మం వైపు చూసి, "గట్టిగా అనకమ్మాయ్, ఎవరైనా వింటారు" అంది.

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కానీ కోపం ఆ రెంటినీ తోసుకుని ముందుకొచ్చింది. ఈసారి గొంతు పెట్టే అడిగింది. "నా పిల్ల ఏడుపు మీకు వినపడలేదని అందరూ నన్ను ఎలా చూశారో మీకు తెలుసు. తెలిసీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు!"

"కూర్చున్నాను," అంది పెద్దావిడ. "నా బిడ్డ ఆస్పత్రిలోనే పోయాడు. పక్క మంచం ఆవిడ బిడ్డని కని తను పోయింది. నర్సు ఆ పిల్లాణ్ణి తెచ్చి నా పక్కలో పడుకోబెట్టింది. వాడి ఏడుపు నాకు వినపడలేదు. నోరు తెరుచుకుని ఏడవడం కనబడింది. ఎత్తుకున్నాను. మీ మామగారికి కూడా చెప్పలేదు."

"ఆయన్ని కాపాడుకోడానికి నన్ను బలిపెట్టారు."

"నువ్వు తట్టుకుంటావనుకున్నాను. వాడు తట్టుకోలేడు."

"నేను రాయినా?"

పెద్దావిడ ఒలికిన టీని కొంగుతో తుడిచింది. "వాడికి చెప్పెయ్. నీకు హక్కుంది. నేను ఆపను," అంది.

కోడలు లేచి రెండడుగులు వేసి ఆగింది. "అయితే ఇన్నేళ్ళూ నేను తిట్టిన తిట్లు..."

"అన్నీ తెలుసు," అంది పెద్దావిడ. "కొన్ని బాగుండేవి."

చెప్పెయ్యాలనే అనుకుంది కోడలు. ఆ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని రాగానే నోరు తెరిచింది కూడా. ఆయన అద్దం ముందు మీసం దువ్వుకుంటూ, "మా అమ్మ వైపు కూడా తవ్వుతానే. ఆవిడ చెవులు ఏ తరం నుంచి వస్తున్నాయో చూడాలి," అన్నాడు చిన్నపిల్లాడిలా. తెరిచిన నోరు మూసుకుంది. మూసుకున్నందుకు తనని తనే తిట్టుకుంది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ రోజూ ఇదే వరస.

ఆ పొద్దున సంచులు గుమ్మం దగ్గరికి చేరాయి. పెద్దావిడ అందరికీ వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. టైంటేబుల్ ఖాళీ గొట్టం పట్టుకుని ఆ వెనకాలే తచ్చాడుతున్నాడు. కోడలు గోడకవతల వంటింట్లో టీ మరిగిస్తూ అలవాటుగా తనలో తనే గొణుక్కుంది. "లేచిన దగ్గర్నుంచి గుక్కెడు టీ తాగలేదు ఈ మహాతల్లి. ఖాళీ కడుపున మందు మింగి మళ్ళీ కళ్ళు తిరుగుతున్నాయంటుంది."

"మందు ఇంకా వేసుకోలేదమ్మాయ్," అంది పెద్దావిడ ముందుగదిలోంచి. "టీ ఇలా పట్రా."

ఇల్లంతా కొయ్యబారిపోయింది. కోడలు వంటిల్లంతా కలియజూసింది. అద్దం లేదు, కిటికీ లేదు, మధ్యలో నిండు గోడ. అయినా నమ్మకం కుదరలేదు. గోడకేసి తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"పంచదార ఎంత వెయ్యమంటారు?"

"ఎప్పుడూ వేసినంతే," అంది పెద్దావిడ. "నీ గొంతు ఇలా ఉంటుందా! సన్నగా ఉంటుందనుకున్నానే ఇన్నాళ్ళూ."

"అమ్మా!" అన్నాడు టైంటేబుల్. "దాని మాట నీకు వినిపించిందా?"

పెద్దావిడ తిరగలేదు. వంటింటి వైపు చెవి పెట్టుకుని నవ్వుకుంటోంది. "అమ్మా!" అని మళ్ళీ అరిచాడు. పక్కింటి కుక్క కూడా ఉలిక్కిపడి మొరిగింది. ఆవిడ కుక్క అరుపుకి తిరిగింది. తిరిగాక కొడుకు మొహం చూసింది.

ఆ మొహం చూశాక ఇక దాచలేకపోయింది. "పరాయింటి నుంచి వచ్చినదాని గొంతు నాకు వినిపించింది. అయితే ఈ చెవికీ రక్తానికీ లంకె లేదన్నమాట. ఇంక నాకు భయం లేదురా," అంటూ ఆస్పత్రి మంచం దగ్గర్నుంచి అంతా చెప్పింది. "నీ గొంతు నాకు ఒక్కరోజూ వినిపించలేదు. నీ బిడ్డది అందుకే వినిపించలేదు. నీ పెళ్ళాం తప్పు వెంట్రుకంత కూడా లేదు. తప్పంతా నాది."

టైంటేబుల్ సంచి మీద కూలబడ్డాడు. టీ కప్పుతో వచ్చిన పెళ్ళాం మొహంలోకి చూడలేక నేల చూశాడు.

"నేనెప్పుడూ నిన్ను ఒక్క మాట అనలేదు," అన్నాడు చివరికి.

"అనలేదు. చూశారు," అంది కోడలు. అనేసి, ఇన్నేళ్ళకి భోరుమని ఏడ్చింది. పాప వచ్చి తల్లిని వాటేసుకుంది. జన్మలో బస్సు తప్పిపోని మనిషికి ఆ రోజు మొదటి బస్సు తప్పిపోయింది.

రెండో బస్సు వేళకి ఆయన లేచాడు. ఆయన చేతిలో మూడో గొట్టం లేదు. కోడలు దాన్ని తీసుకెళ్ళి అందులో సూదులు పోసుకుంది. పాప సంచి భుజాన వేసుకుంది. ఆయన మాత్రం తల్లి కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎదురుగా వెళ్ళలేదు.

"అమ్మా," అన్నాడు.

ఆవిడ కదల్లేదు. ఆయన అలాగే నిలబడ్డాడు. కోడలికి అది చూడబుద్ధి కాలేదు.

"అత్తయ్యా, ఆయన పిలుస్తున్నారు," అంది మిషను దగ్గర్నుంచి.

"ఏమంటాడు?" అంది పెద్దావిడ, తల తిప్పకుండా.

"వెళ్ళిరానా అంటున్నారు."

"వెళ్ళి రమ్మను. అక్కడ ఎవరైనా తల్లి పేరు అడిగితే ఏం చెప్తాడో అడుగు."

కోడలు ఆయన వైపు చూసింది. మీసం వణుకుతోంది, దాని మీదకి కన్నీళ్ళు జారుతున్నాయి. లోపలి కుట్టు చూడకుండా ఏ బట్టనీ నమ్మని మనిషి ఇంకేమీ చూడలేదు.

"మీ పేరే చెప్తారట," అంది.

పెద్దావిడ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"సరే అని చెప్పు," అంది. "ఆ మీసం కూడా ఉంచుకోమను. వాడికి బాగానే నప్పింది."