సున్నా వేరు, ఖాళీ వేరు

కుళ్లాయప్ప జిల్లా ఆఫీసులో కంప్యూటర్ల గది బయట చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టేసరికి ఫోను మోగుతోంది. అది 2003 ఆగస్టు. చెప్పులతో వస్తే కంప్యూటర్లు చెడిపోతాయని అప్పట్లో అందరికీ గట్టి నమ్మకం. ఇరవై నాలుగేళ్ల నౌకరీలో టైపు మిషను నుంచి వెబ్‌సర్వరు దాకా వచ్చాడు గాని, జీతం చీటీ మీద ఆయనింకా టైపిస్టే. సన్నటి మనిషి. మోచేతుల దగ్గర చొక్కా పలచబడింది. పొద్దున్నుంచీ ఎడమ రొమ్ము రుద్దుకుంటున్నాడు.

"అన్నా, కణేకల్ నుంచి యేసన్నని," అన్నాడు ఆ మండలంలో వాన కొలిచే మనిషి. "మా మండలం ముందర ఖాళీగా ఉండాదంట. నేను దినామూ సున్నా అని చెప్తాండా గదా!"

జిల్లా వాన లెక్కలు పెట్టే వెబ్‌పేజీ తెరిచి చూశాడు. అరవై మూడు మండలాల పేర్లూ ఉన్నాయి, అంకె ఒక్కటీ లేదు. సాయంత్రం అయిదింటికి పైవాళ్లు ఈ పేజీ చూసే కరువు మండలాల జాబితా రాస్తారు. సున్నా ఉంటే కరువు. ఖాళీ ఉంటే లెక్క రాలేదని పక్కన పెడతారు. వాన పడలేదని చెప్పుకోవడానికి కూడా మా జిల్లాకు ఒక సున్నా కావాలి, ఏం ఖర్మ!

అధికారి హేమావతి లోపలికొచ్చి ఆయన్ను చూసింది. "ఏమన్నా, అట్ల చెమట్లు పడతాండాయి? ఆస్పత్రికి పోయిరాపో."

"అంకెలు రానీ మేడమ్, పోతా."

ఒక్కో మండలం అంకె ఒక్కో చిన్న ఫైలులో ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టమని సర్వరుకు చెప్పే వరుస పేజీలో ఉంటుంది. చూసేవాళ్లకు ఆ వరుస కనిపించదు. ఫైళ్లు ఉన్నాయి, వాటిని చదవడానికి సర్వరుకిచ్చిన అనుమతులు సరిగ్గానే ఉన్నాయి, తప్పులు నమోదయ్యే చోట ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

మూడున్నరకు తట్టింది. మండలాల్లో ఫోను లైను మీద పేజీ దిగడానికి యుగం పడుతోందని, మూడేళ్ల కిందట తానే పెర్ల్ అనే కంప్యూటరు భాషలో జల్లెడ లాంటి ప్రోగ్రాము ఒకటి రాశాడు. కంటికి కనిపించని వరుసలన్నీ ఏరి పారేయడం దాని పని. పాత యంత్రంలో ముందు అంకెలు వచ్చేవి, తర్వాత జల్లెడ పట్టేది. పోయిన వారం తెచ్చి నిన్న సాయంత్రమే పనిలో పెట్టిన కొత్త యంత్రం ముందే జల్లెడ పడుతోంది. అంకెలు తెమ్మని చెప్పే వరుసలే పొట్టుతో పాటు పోతున్నాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

"నా చేత్తో నేనే ఊడ్చి పారేసినానే!" అని నుదురు కొట్టుకున్నాడు.

రెండింటి క్రమం మార్చి సర్వరును మళ్లీ నడిపాడు. అయిదుకు ఇరవై నిమిషాలుండగా సున్నాలు దిగాయి. కణేకల్‌కు ఫోను చేశాడు.

"వచ్చినాయప్పా యేసన్నా."

"బతికినామన్నా!"

ఆయన రిసీవరు పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు.

జాబితాలో అన్ని మండలాలూ చేరాయని చెబుదామని అయిదుంబావుకు హేమావతి వచ్చింది. రెండుసార్లు పిలిచి, భుజం తట్టింది. పొద్దున్నే బలవంతంగానైనా పంపించి ఉండాల్సిందని ఆ కుర్చీ పట్టుకుని ఏడ్చింది.

నలుగురు కలిసి ఆయన్ను మోసుకుపోయారు. మర్నాడు వచ్చినవాళ్లు తమ చెప్పులు కాస్త ఎడంగా విప్పి లోపలికి పోయారు. కుడి మడమకు టైరు ముక్క కుట్టిన చెప్పుల జత ఒకటి గుమ్మం పక్కనే ఉంది.