కవరు మీద రెండో పేరు

నూట నలభై శుభలేఖల్లో నూట ముప్పైతొమ్మిదింటి కవర్ల మీద చిరునామాలు పూర్తయ్యాయి. మిగిలిన ఒక్కదాన్ని పెళ్లికూతురు తన మేనమామ ముందుకు జరిపింది.

గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పుస్తకాల జాబితాలు రాసి ఉద్యోగ విరమణ చేసిన మనిషి ఆయన. ప్రతి చుక్కనూ పట్టించుకుంటాడని ఇంటిల్లిపాదీ ఆయనకు ‘అరసున్న’ అని పేరు పెట్టారు. పెళ్లిపిలుపుల విషయంలో ఆయన పట్టుదల మరీ గట్టిది. ‘కుటుంబ సమేతంగా’ అని గుంపగుత్తగా రాయడు. ఆలుమగలిద్దరినీ పేరుపేరునా పిలవాలి. పేరు లేని పిలుపు పిలుపే కాదంటాడు.

“ఇది నాన్నకి,” అంది మేనకోడలు.

బల్లకు అవతల స్టాంపులు అంటిస్తున్న ఆయన చెల్లెలు, పెళ్లికూతురి తల్లి, తలెత్తలేదు. తడి స్పాంజి మీద వేలు మాత్రం ఆగింది. ఆమె భర్త ఇల్లు విడిచి మరొకామెతో కాపురం పెట్టి పన్నెండేళ్లయింది.

“మీ నాన్న ఒక్కడి పేరే రాయనా?” అన్నాడు మేనమామ, ఎవరి మొహమూ చూడకుండా.

“అలా అయితే రారు. ఇద్దర్నీ పిలిస్తేనే వస్తానన్నారు. నా పెళ్లికి నాన్న ఉండాలి మామయ్యా.”

“సరే. ఆవిడ పేరు?”

“తెలీదు. అడిగితే అమ్మకి ద్రోహం చేసినట్టుంటుందని ఎప్పుడూ అడగలేదు.”

కలం మూత తీసిన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. తన నియమం తనకే చేదుగా తోచడం ఆయనకు ఇదే మొదలు.

“పోనీలే, ఈ ఒక్కదాని మీద ‘కుటుంబ సమేతంగా’ అని రాసేస్తాను.”

“అయ్యో, అరసున్నగారికి ఎంత కష్టమొచ్చిందీ!” చెల్లెలు నవ్వబోయింది, నవ్వు సగంలోనే తెగిపోయింది. “అలా రాస్తే రాకుండా ఉండటానికి ఆయనకి సాకు దొరుకుతుంది అన్నయ్యా. చెప్తాను, రాసుకో.”

ఆమె ఒక పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, తడుముకోకుండా చెప్పింది. లోలోపల ఎన్ని వేలసార్లు అనుకుని ఉంటే ఆ పేరు అంత నున్నగా పలుకుతుందో ఆయనకు అర్థమైంది. కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేయబోయి, ఏమనుకుందో, వెనక్కి తీసుకుంది.

ఆయన రాశాడు. చెల్లెలు కవరు అందుకుని, సిరా ఆరేదాకా ఊది, స్టాంపు అంటించి, దాని అంచులు రెండుసార్లు అదిమింది. మిగతావన్నీ బల్ల మీదే వదిలేసి, ఆ ఒక్కదాన్నే పట్టుకుని చెప్పులేసుకుంది.

“ఎండ మండిపోతోంది. రేపు అన్నీ కలిపి వేద్దాంలే చెల్లాయ్.”

“రేపటికి నా మనసు ఇలాగే ఉంటుందని ఏం నమ్మకం?”

కిటికీలోంచి వీధి మలుపున ఉన్న తపాలాపెట్టె కనిపిస్తోంది. ఆమె కవరును సగం లోపలికి తోసి, అలాగే పట్టుకుని నిలబడింది. ఎవరో ముసలాయన తన ఉత్తరంతో వచ్చి, కాసేపు ఓపిక పట్టి, ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, వేళ్లు వదిలేసింది. ముసలాయనకు దారి ఇచ్చి పక్కకు జరిగిందే గాని, ఇంటివైపు తిరగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.