నీడ ముక్క

రాయి విచ్చుకునే ముందు ఒక వాసన వస్తుంది.

ఎండిన బురద వాసన. ఎప్పుడో ఇంకిపోయిన చెరువు ఒక్క ఊపిరి వదిలినట్టు.

ఆ తర్వాతే — టక్.

పుస్తకం తెరిచినట్టు రాయి రెండవుతుంది. ఒక పలకలో ఎముకలుంటాయి. రెండో పలకలో వాటి అచ్చు ఉంటుంది, గుంటలుగా, ఖాళీగా. మా పనిలో మొదటిది ఎముక ముక్క. రెండోది నీడ ముక్క.

ఎముక కొనేవాళ్ళు వస్తారు. నీడ కొనేవాళ్ళు రారు.

నేను నేర్చుకున్న వ్యాపారమంతా ఇంతే. నేను చెడిందీ ఇక్కడే.

నాన్నది రాళ్ళ దుకాణం. రాతిలో చేపలు, రాతిలో ఆకులు, రాతిలో తూనీగలు. పిల్లలం ఇద్దరం — నేను, చెల్లెలు. మేం కొట్టుకు చావకుండా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఉలి పెట్టి చీల్చేది ఒకరు. ముక్క ఎంచుకునేది ఇంకొకరు. చీల్చినవాళ్ళకి మిగిలిందే దక్కుతుంది.

న్యాయమైన పద్ధతి. న్యాయంలో కూడా సందులుంటాయని ఆయనకు తోచలేదు.

నాకు తోచింది.

తొమ్మిదేళ్ళ కిందట ఒక రాయి వచ్చింది. దాని అంచున నల్లటి చుక్క, చీమ తలంత. ఎముక కొన. నేను చూశాను. చెల్లెలు చూడలేదు.

"ఈసారి ఉలి నువ్వు పెట్టవే. నీ చెయ్యి తేలిక," అన్నాను.

మురిసిపోయింది. జడ వెనక్కి వేసుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఉలి ఆనించింది.

వాసన.

టక్.

లోపల ఒక పిట్ట. పావురమంత. మెడ వెనక్కి విరుచుకుని, నోరు తెరుచుకుని, కోట్ల ఏళ్ళుగా ఎవరి మీదో అరుస్తున్నట్టు.

నేను ఎముక ముక్క ఎత్తుకున్నాను. "నీకు నీడ దక్కిందే," అని నవ్వాను.

ఆ నవ్వు ఒక్కటి మింగి ఉంటే బాగుండేది. మింగలేదు.

ఆమె తన ముక్క తీసుకెళ్ళి అంచు కడిగింది. ఉలి ఆ చుక్కని కూడా సగానికి కోసింది మరి. ఆ సగం ఆమెకి కనబడింది. ఉలి తన చేత నేనెందుకు పట్టించానో... అదీ కనబడింది.

వారం తిరగకముందే దుకాణం మధ్యన గోడ లేచింది. ఇటుక ఇటుకా ఆమే దగ్గరుండి పేర్పించింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు — గోడే మాట్లాడింది.

ఆమె తన వైపు దుమ్ము నా గుమ్మంలోకి ఊడ్చేది. వచ్చినవాళ్ళతో "పక్కవాడి రాళ్ళలో జిగురెక్కువ, చూసి కొనండి," అనేది. నేనేం తక్కువ తిన్నానా? "అవతల నీడలమ్ముతారు, గొడుగేసుకెళ్ళండి," అనేవాణ్ణి.

ఈలోగా నా పిట్టను శుభ్రం చేశాను.

ఎముకల చుట్టూ గోధుమరంగు మరక. చిందిన తేనీరు ఆరినట్టు, పాడు మరక. మురికి సరుకు ఎవరు ముట్టుకుంటారు? భూతద్దం కింద పెట్టి, సూదితో గీకాను. గీకాను... ఊదాను... గీకాను. నాలుగు నెలలు. ఆఖరికి రాయి పాలలా తెల్లబడింది. ఎముకలు నల్లగా మెరిశాయి.

అయినా ఎవరూ కొనలేదు.

"నోట్లో పళ్ళున్న పిట్టేంటయ్యా? తొండకి పక్షి ఎముకలు అతికించావా?" అనేవారు. రెక్క చివర గోళ్ళు చూపించి నవ్వేవారు. ఎముకలెముకలుగా సాగిన తోక చూసి, "ఇంకో బల్లి కూడా పడిందే ఇందులో," అనేవారు. జిగురు మాట గోడ దాటి వచ్చి పనిచేస్తూనే ఉంది.

తొమ్మిదేళ్ళు నా పిట్ట పిట్ట కాలేదు.

ఈ రోజు పొద్దున మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చింది. మా వీధిలో ఆవిడ పేరు ఎముకలమ్మ. ఎదుటివాళ్ళని కూడా చర్మం తీసేసి చూస్తున్నట్టు చూస్తుంది. అరగంట పలక మీద వంగింది. అతుకు కోసం వెతికింది. దొరకలేదు.

"నిజమైనదేనండీ," అంది. భూతద్దం మళ్ళీ పలక మీదకి జరిపింది. "ఎముకల చుట్టూ మరకలాంటిది ఏమైనా ఉండేదా?"

"ఉండేది మేడం. మచ్చ కూడా మిగలకుండా తీసేశాను."

ఆవిడ భూతద్దం పక్కన పెట్టింది. చాలాసేపు నా చేతుల వైపు చూసింది.

"అది మరక కాదండీ. ఈకలు."

ఈకలు.

అప్పుడు చెప్పింది — నన్ను తిట్టడం కంటే అదే సులువని చెప్పిందనుకుంటాను. ఇది నేల మీద పరిగెత్తే బల్లిజాతికీ, ఇవాళ తీగ మీద వాలే పిట్టకీ మధ్యదట. ఈకలు మొదట ఎగరడానికి రాలేదట. చలికి వచ్చాయి. తర్వాత సోకుకి పనికొచ్చాయి. ఎగరడం ఎంతో ఆలస్యం.

నాకు వెంటనే అర్థమైంది. చలికి కొన్న దుప్పటి రెక్కయింది. వ్యాపారంలో జరిగేదే.

ఆ జాతి తరతరాలుగా బరువు దించుకుంటూ పోయిందట. పళ్ళు వదిలింది. గోళ్ళు వదిలింది. తోక కుదించుకుంది. ఎముకల్లో గాలి నింపుకుంది. తేలికైంది. లేచింది.

మేమిద్దరం? ఒక్క పన్ను వదల్లేదు. ఒక్క గోరు వదల్లేదు.

"దీని రెండో ముక్క ఎక్కడుంది?" అంది ఎముకలమ్మ. "ఈకలు దాని మీద మిగిలుంటాయి. అది లేకపోతే నేనేదీ రుజువు చెయ్యలేను."

నేను గోడ వైపు చూశాను.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పక్క దుకాణానికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. పద్నాలుగు అడుగులు.

నీడ ముక్క ఆమె బల్ల మీద నిలబెట్టి ఉంది. మరక అలాగే ఉంది. మరక కాదు... రెండు రెక్కలకీ, తోకకీ, కాళ్ళకి కూడా, గీతలు గీతలుగా, దువ్వెన పెట్టి దువ్వినట్టు. నేను సూదితో ఊడగొట్టింది ఇది.

"నీడ కావాల్సొచ్చిందా అన్నయ్యా?" అంది, తలెత్తకుండా. గోడలోంచి అంతా విన్నట్టుంది. "నేను గుడ్డ కూడా తగలనివ్వలేదు. ఊదే తుడిచాను. నాకెప్పుడో తెలుసు అవేంటో."

"తెలిసీ చెప్పలేదేం?"

"నువ్వు చుక్క చూసి చెప్పావా?"

నేను పలక వైపు చెయ్యి చాపాను. ఆమె దాన్ని తన వైపు జరుపుకుంది.

"ఆ ఎముకలమ్మ ఎదుట ఒక్క మాట చెప్పు. చుక్క చూశాను, చూసే చెల్లెలిచేత ఉలి పట్టించాను అని. చెప్పి, తీసుకుపో."

ఒక్క మాట. బేరం చవక. ఇంతకంటే చవక బేరం నాకెవరూ ఇచ్చి ఉండరు.

"నేను చూడలేదు," అన్నాను.

నోరు దానంతట అదే తెరుచుకుంది. పళ్ళన్నీ ఉన్నాయి అందులో.

ఆమె నవ్వింది. ఆ రోజు నేను నవ్వినట్టే.

"సరే అయితే. నా ముక్క మీద కూడా మరకుందిగా. నీలాగే శుభ్రం చేస్తాను."

నన్ను గుమ్మం దాటించి తలుపు వేసింది. గడియ పడింది.

ఇప్పుడు నా దుకాణంలో ఎముకలమ్మ ఎదురుచూస్తోంది. "ఇస్తారటా?" అంటోంది.

గోడ అవతల సూది చప్పుడు.

గీ... గీ...

బెదిరించే చప్పుడు వేరు, పనిచేసే చప్పుడు వేరు. ఇన్నేళ్ళలో అంత మాత్రం నేర్చుకున్నాను. ఈ చప్పుడు ఏదో తెలియడం లేదు. ఖాళీ రాయి మీద గీస్తోందో... ఈకల మీద గీస్తోందో.

గీ... గీ...

మాట నాలుక మీదే ఉంది. చీమ తలంత మాట.

గోడ కింది సందులోంచి వస్తోంది — ఎండిన బురద వాసన.